సినిమా చెట్టు దిగేవాళ్లు

కొవ్వూరు నుంచి తాళ్లపూడి వైపు పోయే బస్సులో మా ఊరి పేరు చెప్పి టిక్కెట్టు అడిగితే కొత్త కండక్టర్లు ఓ క్షణం తడుముకునేవారు. ‘సినిమా చెట్టు’ అంటే చాలు, చిల్లర లెక్కపెట్టుకుంటూనే చింపి ఇచ్చేవారు. దిగాల్సిన చోటు దగ్గరపడగానే, "సినిమా చెట్టు దిగేవాళ్లు లేవండి, లేవండి" అని ఒకటే కేక. మా అమ్మకి ఆ కేక గిట్టేది కాదు. "కుమారదేవం అని నిక్షేపంలాంటి పేరుండగా చెట్టు పేరేవిట్రా ఊరికి?" అని బస్సు దిగిన ప్రతిసారీ విసుక్కునేది. ఆ విసుగు చెట్టు నీడలోనే తీర్చుకునేది. అక్కడ కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు ఇంటికి బయల్దేరేది.

గోదావరికి పడమటి ఒడ్డున ఉంది మా ఊరు. ఎదురుగా అవతలి గట్టు రాజమండ్రి. ధవళేశ్వరం ఆనకట్టకి మేం ఎగువన ఉంటాం కాబట్టి, అక్కడ ఆపిన నీళ్లు వెనక్కి ఎగదన్ని మా రేవు ముందు నిలుస్తాయి. సినిమావాళ్లు ముచ్చటపడ్డ ఆ వెడల్పాటి నిమ్మళమైన గోదావరిలో సగం కాటన్ దొర చలవే. ఆయన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత పాతికేళ్ల లోపే సింగలూరి తాతబ్బాయి అనే ఆయన గట్టున ఈ మొక్క నాటారని ఊళ్లో చెప్పుకుంటారు. అది నిద్రగన్నేరు. దక్షిణ అమెరికా నుంచి దొరల కాలంలో ఈ దేశానికి వచ్చిన జాతి. రోడ్ల పక్క నీడకి పనికొస్తుందని తెచ్చుకున్నారు. అంటే, అచ్చతెలుగు పల్లెకి ఆనవాలుగా మూడు తరాల ప్రేక్షకులు తెర మీద చూసిన దృశ్యంలో చెట్టు అమెరికాది, నీటి మట్టం ఇంగ్లీషు ఇంజనీరుది. నాకైతే దీన్లో చిన్నతనమేమీ కనబడదు. ఒక ఊరికి పాతదనం అలాగే వస్తుంది. ఎక్కణ్ణించో వచ్చినదాన్ని నాలుగు తరాలు వాడుకుంటే అది ఊరిదవుతుంది.

వాడుకోవడమంటే మాటవరసకి అనలేదు. చెట్టు కింద ఎడ్లు విప్పేవారు. లంకల నుంచి పడవల మీద వచ్చిన పొగాకు మోపులు ఆ నీడలోనే దించేవారు. ఎండాకాలం గులాబీరంగు కుచ్చుల్లాంటి పూలు రాలి నేలంతా పరుచుకునేవి. తర్వాత నల్లటి కాయలు. పగలగొడితే లోపల బంకబంకగా తియ్యటి గుజ్జు. పశువులకి ప్రాణం. మాకూ ప్రాణమే గానీ, ఇంట్లో తెలిస్తే వీపు చిట్లేది. సాయంత్రమయ్యేసరికి ఆకులన్నీ ముడుచుకుని, పగలు కటిక నీడగా ఉన్నచోట ఆకాశం కనబడేది. వాన పడబోతున్నా అంతే. మబ్బు పట్టగానే మా తాతయ్య చెట్టువైపు చూసి, "ముడిసిందర్రా, వడ్లు ఎత్తండి" అనేవాడు.

ఇక్కడ తీసిన మొదటి సినిమా ‘పాడిపంటలు’ అంటారు. కృష్ణ హీరో, 1976లో విడుదలైంది. అప్పటికే గోదావరి తెరకి కొత్త కాదు. 1964లోనే ‘మూగమనసులు’ వచ్చింది. బాపు, రమణలు 1967లో ‘సాక్షి’ కోసం పులిదిండి వెళ్లారు, 1973లో ‘అందాల రాముడు’కి లాంచీలో భద్రాచలం దారి పట్టారు. కానీ వాళ్లు ఏరు వెంబడి తిరిగారు. ఒకే చెట్టు కిందికి మళ్లీ మళ్లీ రావడమన్నది మా ఊరికే దక్కింది. 300కు పైగా సినిమాలు తీశారని పత్రికలు రాశాయి. పాటకో, పంచాయితీ సీనుకో, ఊరికే హీరో సైకిలు మీద అలా పోవడానికో, ఏదో ఒకటి ఇక్కడ తీస్తే బొమ్మ ఆడుతుందని ఒక నమ్మకం పుట్టింది. దర్శకుడు వంశీగారికైతే ఈ చెట్టంటే ప్రత్యేకమైన మమకారం అని అందరికీ తెలిసిందే. ‘సీతారామయ్యగారి మనవరాలు’లో ఉంది, నిన్నగాక మొన్న ‘రంగస్థలం’లోనూ ఉంది.

షూటింగంటే మాకు పండగ అనుకుంటారు బయటివాళ్లు. మొదట్లో అంతే. జనరేటరు వ్యాను చప్పుడు వినగానే బళ్లో సగం బెంచీలు ఖాళీ. వెండి కాగితం అంటించిన రిఫ్లెక్టర్లు పట్టుకున్న కుర్రాళ్లు ఎండలో మాడిపోతుంటే, మేం వాళ్ల పక్కన నిలబడి అద్దం చూసుకున్నట్టు మొహాలు చూసుకునేవాళ్లం. మా మేనత్త కొడుకు జనంలో ఒకడిగా నిలబడ్డాడు ఒక సినిమాలో. ఆ సినిమా రాజమండ్రిలో ఎన్నిసార్లు చూశామో. వాడి భుజం వస్తుంది, మొహం రాదు.

పెద్దయ్యాక నాకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం వెలుగు గొడవ. మాది పడమటి ఒడ్డు కనుక పొద్దున్న సూర్యుడు ఏటి మీంచి చెట్టు వెనకగా లేస్తాడు. మొహాలు నల్లగా, నీళ్లు మెరుస్తూ పడతాయి. మధ్యాహ్నం తర్వాత పొలాల వైపు నుంచి వెలుగు వస్తుంది, అప్పుడు మొహాలు బావుంటాయి. కానీ అప్పటికి ఆకు ముడుచుకునే వేళవుతుంది. ఓసారి ఒక కెమెరామన్ మధ్యాహ్నమంతా ట్రాలీ పట్టాలు సర్దించుకుని, తీరా సిద్ధమయ్యేసరికి నీడ పలచబడిపోయింది. ఆయన పైకి చూసి, "ఇదేంటయ్యా, పొద్దున ఇంత గుబురుగా ఉంది?" అన్నాడు. ఎడ్లబండి అద్దెకిచ్చిన ముసలాయన బీడీ ఆర్పి, "ఆయ్, నిద్దరోతందండి. మళ్లీ రేపే" అన్నాడు. యూనిట్టంతా ప్యాకప్. మర్నాటి నుంచి ఆ ముసలాయన్ని కుర్చీ వేసి కెమెరా పక్కన కూర్చోబెట్టారు. ఎన్నింటికి ముడుస్తుందో చెప్పడమే ఆయన పని. బండి అద్దె కంటే దానికే ఎక్కువిచ్చారట.

మరో యూనిట్ చెట్టు మొదలు చుట్టూ చెక్కతో రచ్చబండ కట్టింది. పైన సిమెంటు పూత, పాతబడినట్టు నాచురంగు. పంచాయితీ సీను తీసుకుని వెళ్లిపోయారు. ఆ చెక్క అరుగు మీద మావాళ్లు నిజంగానే కూర్చోవడం మొదలుపెట్టారు. చీట్లపేక, పొలం బేరాలు, ఒకటి రెండు అసలు తగవులు కూడా అక్కడే తీరాయి. రెండు వానలకి అరుగు కుళ్లి కూలిపోయింది. అప్పుడొక పెద్దమనిషి, "మన రచ్చబండ పోయిందే" అని బాధపడ్డాడు. అసలు మా ఊళ్లో చెట్టు కింద రచ్చబండ ఎప్పుడూ లేదు!

1986 ఆగస్టు వరద చూసినవాణ్ణి నేను. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దిగిన ఏడు. ఇప్పుడు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకి, దానికి రెట్టింపన్నమాట. ఏరు ఏరులా లేదు. ఇంటికప్పులు, దూడలు, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతుంటే గట్టు మీద నిలబడి చూశాం. రాత్రి మగవాళ్లంతా లాంతర్లతో గట్టు కాపలా. ఎక్కడ బుంగ పడినా ఇసుక బస్తా వేయాలి. చెట్టు మొదలు నీళ్లలో ఉంది. దానికి పడవలు కట్టారు. ఆ కొమ్మల మీద పాములు చుట్టుకుని ఉన్నాయి, ఎవరూ వాటి జోలికి పోలేదు. ఆ ఏడాది గట్టు ఎవరిదన్న ప్రశ్న రాలేదు. ఊళ్లో ప్రతివాడూ ఒక బస్తా మోశాడు.

ఆ తర్వాత గట్టు సర్కారుదైంది, మాది కాకుండా పోయింది. ఎత్తు పెంచారు, రోడ్డు వేశారు. మంచిదే. కాపలా కాసే రాత్రులు పోయాయి. దాంతోపాటే గట్టు మీద ఏ చోట మట్టి జారుతోందో, ఏ వేరు బయటపడిందో చూసుకునే అలవాటూ పోయింది. ఇసుక లారీలు వచ్చాయి. మా ఒడ్డు పొడవునా ఇసుక ర్యాంపులే. ఇల్లు కట్టుకోవడానికి ఇసుక అందరికీ కావాలి, నేనూ కట్టుకున్నాను. కానీ నిండు లోడుతో టిప్పరు పోతుంటే చెట్టు కింద కూర్చున్నవాడికి కూర్చున్నచోట నేల అదరడం తెలిసేది. ఆ అదురు వేళ్లకి ఏం చేస్తుందో ఆలోచించే పని ఎవరిది? పంచాయతీదా, నీటిపారుదలవాళ్లదా, అటవీశాఖదా? చెట్టు గట్టు మీద ఉంది, గట్టు ఒకరిది, రోడ్డు మరొకరిది, పేరు ఊరిది.

ఇటు ఊళ్లో ఇళ్లు ఒక్కొక్కటే మారుతున్నాయి. మా మండువా లోగిలి అన్నదమ్ముల వాటాల్లో మధ్యగా గోడ లేచి, తర్వాత ఓ భాగం పడిపోయి, చివరికి మొత్తం తీసేశాం. టేకు స్తంభాలకి, చెక్కడపు గుమ్మానికి బేరగాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఎక్కడో రిసార్టులో పెడతారట. మండువాలోకి వాన పడుతుంటే వసారాలో పీట వేసుకుని చూసినవాళ్లకి ఆ ఇల్లు అందమే. ఆ కూనపెంకు ఏటేటా సర్దించుకున్నవాళ్లని అడగండి. పెంకు సర్దే మనిషి దొరకడు, దొరికినా ఎలకలూ కోతులూ మళ్లీ మామూలే. పాత ఇళ్లు కాపాడుకోవాలి అని రాసేవాళ్లు ఆ మనిషి కూలీ సంగతి రాయరు. సినిమావాళ్లు మాత్రం చివరిదాకా పెంకుటిళ్లే వెతికారు. డాబాలు ఫ్రేములో పడకుండా కెమెరా తిప్పుకునేవారు. తిప్పీ తిప్పీ ఆఖరికి వాళ్లకి మా ఊళ్లో మిగిలింది చెట్టూ, ఏరూ.

దాంతో ఊరి పాతదనమంతా ఒక్క చెట్టు మీద వేశాం. కార్తీక మాసంలో వనభోజనాలు, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు, డ్రోన్లు, కొబ్బరిబొండాలు, బజ్జీల బండి. ఆదివారమైతే కార్లు వేళ్ల మీదే ఆపేసేవారు. ఒకాయన్ని నేను, "కాస్త అవతల పెట్టుకోండి బాబూ" అంటే, "అక్కడ పెడితే నీడ ఉండదు కదండీ" అన్నాడు. నిజమే మరి.

2024 జూలై నెలాఖరుకి గోదావరి పొంగింది. 1986తో పోలిస్తే లెక్కలోది కాదు గానీ, నీళ్లు రోజుల తరబడి గట్టుకి ఆనుకుని ఉండిపోయాయి. పైన విడవని వాన. ఆగస్టు 5, సోమవారం, తెల్లవారి ఇంకా మసకగానే ఉంది. ఫోను మోగింది. "బాబాయ్, చెట్టు పడిపోయింది" అన్నాడు మా అన్నయ్య కొడుకు. నేను మొదట ఏదో కొమ్మ అనుకున్నాను. గొడుగు వేసుకుని వెళ్లేసరికి గట్టు మీద జనం. చెట్టు నిలబడి ఉన్నప్పుడు దాని పెద్దతనం అంతగా తెలియలేదు. పడ్డాక దాన్ని చుట్టి రావడానికే నడవాల్సి వచ్చింది. ఆకులింకా పచ్చగా ఉన్నాయి. వాన కదా, ముడుచుకునే ఉన్నాయి. ఒకావిడ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆ పక్కనే ఒక కుర్రాడు లైవు పెట్టి, "ఫ్రెండ్స్, ఇదే మన సినిమా చెట్టు" అని చెబుతున్నాడు. టీవీ వాళ్లు వచ్చారు. మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద సినిమావాళ్ల సంతాపాలు. మా ఊళ్లో ఏ మనిషి పోయినా అంత మంది రాలేదు.

సాయంత్రానికి మాటలు మారాయి. కలప ఎవరిది? ఎంత చేస్తుంది? ముక్కలు కోసి జ్ఞాపికలు చేయించి అమ్మితే? దుంగ మీద పేర్లు చెక్కించి స్మారకం కడితే? కొత్త మొక్క నాటేద్దాం అన్నవాళ్లు కొందరు. ‘ఇక్కడే సినిమా చెట్టు ఉండేది’ అని బోర్డు పెడితే చాలదా అన్నాడొకాయన. ఆ బోర్డు మాట వినగానే నాకు ఒళ్లు మండింది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన ఉంది కళ్లెదుటే. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. అప్పటి నుంచి దాన్ని అది చేస్తాం, ఇది చేస్తాం అన్న మాటలు వింటూనే ఉన్నాం, ఇనుము తుప్పు పడుతూనే ఉంది. చెట్టు అన్నాళ్లు ఆగదు.

చివురు వేయించొచ్చు అన్న మాట పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటి కలెక్టర్ పి. ప్రశాంతిగారు చొరవ చూపారు. రాజమహేంద్రవరం రోటరీ క్లబ్ ఐకాన్స్ వాళ్లు ముందుకొచ్చారు. విరిగిన కొమ్మలు కోసేసి, మొదలుకి మందులు పట్టించే పని మొదలైంది. మావాళ్లలో చాలామంది నవ్వారు. పడిపోయిన చెట్టుకి వైద్యమేమిటని. నేను మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి చెప్పాను. 2018లో చెదలు తినేస్తున్న ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా మందెక్కించి నిలబెట్టారు. "అది మర్రండీ, ఊడల మీద బతుకుద్ది. మనదానికి ఊడలేవీ?" అన్నాడు మా పాలేరు కొడుకు. వాడి మాటా సబబే. చెన్నై అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి మహావటం 1989 గాలివానకి అసలు మాను కోల్పోయింది. అయినా ఊడలు దిగి ఉన్నాయి కనుక ఇవాళ్టికీ ఉంది. నిద్రగన్నేరుకి ఆ వీల్లేదు. దానికున్నది మొదలూ, వేళ్లూ. ఆ వేళ్లున్న మట్టీ.

కొన్ని వారాలు గడిచాక మొదలు మీద ఆకుపచ్చటి ముడులు కనిపించాయి. వాటిని మొదట చూసింది నేను కాదు, మేకలు మేపుకునే ఒక అమ్మాయి. "తాతగారూ, ఆకులొచ్చాయండి" అని ఇంటికొచ్చి చెప్పింది. నేను వెళ్లేలోపు తన మేకల్ని అటు రానీకుండా తాడు కట్టించింది. ఎవరూ చెప్పకుండా ఆ చెట్టుకి మొదటి కంచె వేసింది ఆ పిల్లే. ఆ తర్వాత పత్రికలు ‘సినిమా చెట్టుకి పునర్జన్మ’ అన్నాయి. పునర్జన్మ పెద్దమాట. వేలెడు చివుళ్లు అవి. ఆ నీడ మళ్లీ రావాలంటే నా తరం కాదు, నా కొడుకు తరమూ కాకపోవచ్చు.

అసలు పేచీ ఇప్పుడొచ్చింది. 2027లో పుష్కరాలు. ఒడ్డు పొడవునా ఘాట్లు, రోడ్లు, దీపాలు అని వింటున్నాం. 2015లో చూశాం కదా, పుష్కరమంటే ముందు సిమెంటు లారీ వస్తుంది. చెట్టు చుట్టూ గుండ్రంగా గ్రానైటు అరుగు, ఫొటోలకి వేదిక, పేరు రాసిన పెద్ద పెద్ద అక్షరాలు అని ఊళ్లో ఒక ప్రతిపాదన నడుస్తోంది. నేను ఒప్పుకోను అన్నాను. చెట్టు మొదలుకి నీళ్లు దిగాలి, గాలి ఆడాలి. సిమెంటు పోస్తే ఆ చివుళ్లు ఎన్నాళ్లు? చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002లోనే రెండొచ్చాయి. ఒకటి మన రాష్ట్రపు నీరు, భూమి, చెట్ల చట్టం. అడగకుండా చెట్టు కొట్టకూడదంటుంది. గొడ్డలికి అది చాలు, అరుగు మాటేమిటి? రెండోది కేంద్రం తెచ్చిన జీవవైవిధ్య చట్టం. దాని కింద ఒక చోటుని వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. బెంగళూరు దగ్గర నల్లూరులో ముసలి చింతతోపుని 2007లో అలాగే ప్రకటించారు. ఒంటి చెట్టుకి ఇస్తారా అని సందేహం వెలిబుచ్చారు మావాళ్లు. చెట్టుకి కాదు, గట్టుతో కలిపి అడుగుదాం, రేవుతో, మిగిలిన నాలుగు పెంకుటిళ్లతో కలిపి అడుగుదాం అన్నాను. పెంకుటిళ్ల మాట ఎత్తగానే వాటి యజమానులు ఉలిక్కిపడ్డారు. "రేపు మా ఇల్లు మేం పడగొట్టుకోడానికి కూడా పర్మిషన్ అడగాలేటండీ?" అన్నాడొకాయన. ఆయన భయం నాకు అర్థమైంది. నా ఇల్లు నేను పడగొట్టుకున్నాకే ఈ మాటలు చెబుతున్నానని ఆయన అనలేదు. మర్యాదస్తుడు.

అందుకని పెంకుటిళ్లు పక్కనపెట్టాం. ఇప్పటికి అర్జీలో మూడే అడిగాం. చెట్టు మొదలు చుట్టూ కొమ్మలు విస్తరించినంత మేర సిమెంటు పడకూడదు. ఇసుక బళ్లు గట్టు దారిన కాకుండా వెనక దారిన పోవాలి. ఏటి వైపు గట్టు జారకుండా రాయి పేర్చాలి. వేలిముద్రలతో కలిపి సంతకాలు చాలానే వచ్చాయి. బజ్జీల బండివాడు సంతకం పెడుతూ, "మరి ఆదివారం కార్లెక్కడ ఆపుతారండీ?" అని అడిగాడు. రోడ్డుకి పొలాల వైపు మా వాటా చేలో పదిసెంట్లు ఖాళీగా ఉంది, అక్కడ ఆపుకోమన్నాను. "నీడుండదు కదండీ" అన్నాడు. ఆ చేను గట్టుకి ఈ మధ్యే నాలుగు నిద్రగన్నేరు మొక్కలు పెట్టించాను. ఒకటి మేక తినేసింది.